నా మట్టికి అందుతావా నాయనా?



“అయ్యగారూ, ప్రయాణం ఎప్పుడు?” అని కనబడిన ప్రతివారూ అడుగుతున్నారు. టిక్కెట్లు ఇంకా తీయలేదు. పని అనుమతి కాగితం కోసం ఎదురు చూస్తున్నాం. పాస్‌పోర్టులు మాత్రం ముగ్గురివీ వచ్చాయి. కిందటి నెలలో హైదరాబాదు నారాయణగూడ వెళ్ళి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాం. ఆ టీకా వేయించుకున్నట్టు పసుపురంగు కార్డు చూపించకపోతే ఉగాండా దేశంలో అడుగుపెట్టనివ్వరు. సూది పడిన పది రోజులకు గాని ఆ కార్డు చెల్లదు. ఆ తరువాత ఇక జీవితాంతం చెల్లుతుంది. “ఒక్కసారి తీసుకుంటే మళ్ళీ అక్కర్లేదా? అయితే బాప్తిస్మం లాంటిదే” అన్నాడు మా బాబు. సూది నొప్పి మరచిపోయి ముగ్గురం నవ్వుకున్నాం.

మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు 23 కేజీలు అన్నారు. కిరాణా కొట్లో కొక్కెం కాటా అడిగి తెచ్చి తూచుకుంటున్నాం. బైబిళ్ళు, వ్యాఖ్యాన గ్రంథాలు పెడితే పచ్చళ్ళకు చోటు లేదు. పచ్చళ్ళు పెడితే కుట్టుమిషను సామానుకు చోటు లేదు. పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. రాత్రిళ్ళు ఇదే పని.

ఇవన్నీ తేలికగా చెప్పుకునే సంగతులు. ఈ వారం రాయాలనుకున్నది వేరే. పరదేశ పరిచర్యకు సిద్ధపడే కుటుంబానికి విశ్వాసం ఎక్కడ కావాలో మేము ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాం. అక్కడి జ్వరాలకు, అక్కడి భాషకు, చాలీచాలని జీతానికి విశ్వాసం కావాలనుకున్నాం. వాటికీ కావాలి. కాని అంతకంటే ముందు, ఇక్కడే, మన వరండాలో నులక మంచం దగ్గర కావలసి వచ్చింది.

ఆ మంచం మీద మా అమ్మ ఉంటుంది. మీ అందరికీ తెలుసు. వయసు డెబ్భై ఆరు. షుగరు ఉంది, బీపీ ఉంది, ఒక కంటికి శుక్లం తీశారు. నాన్న పోయాక పొగాకు గ్రేడింగు పనికి పోయి, ఆ కూలి డబ్బులు దాచి మమ్మల్ని సెమినరీకి పంపిన మనిషి. కడుపులో ఉండగానే దేవునికి ఇచ్చేశానని ఆమె సాక్ష్యం చెప్పని క్రిస్మసు లేదు. ఉగాండా సంగతి చెప్పిన రోజున ఆమె ఏడవలేదు, వద్దనలేదు. చాలాసేపు ఊరుకుని ఒక్క మాట అడిగింది.

“పొయ్యేది పోతారు. దేవుని పని, నేనొద్దనకూడదు. ఒక్కటి చెప్పు. నా మట్టికి అందుతావా నాయనా?”

ఇరవై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్న నోరు. ఆ రోజు మాట రాలేదు.

ఈ పిలుపు ఎలా వచ్చిందో కొత్తగా సంఘంలో చేరినవారికి తెలియదు గనుక క్లుప్తంగా చెబుతాం. ఉత్తర ఉగాండాలో గులు అనే పట్టణం ఉంది. 1987 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఆ ప్రాంతంలో తిరుగుబాటుదారుల యుద్ధం నడిచింది. పసిపిల్లలను రాత్రిపూట ఎత్తుకుపోయి చేతికి తుపాకి ఇచ్చేవారు. అందుకని చుట్టుపక్కల పల్లెల పిల్లలు సాయంత్రం కాగానే దుప్పటి చంకన పెట్టుకుని గులు పట్టణానికి నడిచివచ్చి, బస్టాండుల్లో, ఆసుపత్రి వరండాల్లో పడుకుని, తెల్లవారి ఇళ్ళకు పోయేవారు. ఆ యుద్ధం చల్లారాక, 2013 డిసెంబరులో పక్కనున్న దక్షిణ సూడానులో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి జనం లక్షల్లో సరిహద్దు దాటి ఉగాండాకు వచ్చారు. ఉగాండా బీద దేశమే అయినా, వచ్చినవారికి గుడిసె వేసుకోవడానికి, కాస్త సాగు చేసుకోవడానికి భూమి ఇస్తోంది. పారిపోయి వచ్చినవారిలో కాపరులూ ఉన్నారు. చెట్ల కింద సంఘాలు మొదలుపెట్టారు. వారిలో చాలామందికి బైబిలు చదువు చెప్పినవారు లేరు. అలాంటి కాపరులకు పుస్తకం పుస్తకంగా బైబిలు నేర్పడానికి, పల్లె సంఘాన్ని నడిపిన అనుభవం ఉన్నవారు కావాలని అక్కడి సంఘం అడిగింది. మేము సహవాసంలో ఉన్న ఒక పరిచర్య ద్వారా ఆ మాట మా దాకా వచ్చింది. మొదట మూడేళ్ళు అనుకున్నాం.

మన యవ్వనస్థుల కూడికలో ఒక తమ్ముడు సూటిగా అడిగాడు: “అయ్యగారూ, ఉగాండాలో మనకంటే ఎక్కువమంది క్రైస్తవులున్నారంట గదా, మరి మీరెందుకు?” మంచి ప్రశ్న. అవును, ఆ దేశంలో అత్యధికులు క్రైస్తవులే. 1886 జూన్‌లో నముగోంగో అనే చోట రాజు కొలువులో పనిచేసే యవ్వనస్థులను, క్రీస్తును విడువనన్నందుకు, సజీవంగా కాల్చారు. వారిలో ప్రొటెస్టంటులూ ఉన్నారు, కతోలికులూ ఉన్నారు. మన పల్లెల్లో చాలావాటికి ఇంకా సువార్త అందని కాలంలోనే వారు ప్రాణం పెట్టారు. కాబట్టి మేము దీపం పట్టుకుని చీకట్లోకి పోవడం లేదు. పాఠం చెప్పమన్నారు, చెప్పడానికి వెళ్తున్నాం. వారి దగ్గర నేర్చుకోవలసింది అంతకంటే ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు ఒక తప్పు ఒప్పుకోవాలి. ఈ పిలుపు ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి రాలేదు. సంఘంలో ప్రకటించింది ముందు, ఇంట్లో అడిగింది తరువాత. ఆ తప్పు ఈ మాటలు టైపు చేస్తున్న చేతిది. ఆ ఆదివారం మీరందరూ “స్తోత్రం” అన్నారు. ఆడవారి వరుసలో ముందు కూర్చున్న అమ్మగారి ముఖం ఎవరూ చూడలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆమె ఏమీ అనలేదు. రెండు రోజుల తరువాత, అన్నం వడ్డిస్తూ అడిగారు: “విలియం కేరీ గారి గురించి మీరు చాలాసార్లు చెప్పారు. వాళ్ళావిడ గురించి మీ పుస్తకాల్లో ఎన్ని పేజీలున్నాయి?”

వెతికి చూశాం. ప్రియులారా, ఆ చరిత్ర మీకూ తెలియాలి. 1793లో కేరీ గారు ఇండియాకు బయలుదేరినప్పుడు డొరతి కేరీ గారు నిండు గర్భిణి. తన ఊరు దాటి పెద్దగా ఎరుగని మనిషి, రానన్నారు. ఆయన పెద్ద కొడుకు ఫెలిక్సును తీసుకుని ఓడ ఎక్కారు. ఆ ఓడ ప్రయాణం కుదరక దిగవలసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి ఆమె ఒడిలో కొన్ని వారాల బిడ్డ. మళ్ళీ రానన్నారు. కేరీ గారి తోటి సేవకుడు గట్టిగా బతిమాలగా, తన చెల్లెలు తోడు వస్తే వస్తానని ఒప్పుకున్నారు. అప్పటికప్పుడు సామాను సర్దుకుని జూన్ 13న ఓడ ఎక్కారు. మరుసటి ఏడాది బెంగాలులో వారి అయిదేళ్ళ బాబు పీటరు విరేచనాలతో చనిపోయాడు. ఆమె మనసు ఆ తరువాత కోలుకోలేదు. 1807లో చనిపోయేవరకు మతి తప్పిన స్థితిలోనే ఉన్నారు. పక్క గదిలో భార్య కేకలు వినబడుతుండగా కేరీ గారు బైబిలు అనువాదం చేశారని సేవకులం గొప్పగా చెబుతుంటాం. ఆ కేకలు ఎవరివో, ఎందుకో ఆలోచించలేదు.

కేరీ గారు దైవజనుడు. ఆయన పనికి ఈ దేశంలోని సంఘమంతా రుణపడి ఉంది. అయినా, “దేవుడు పిలిచాడు” అన్న మాటతో ఇంట్లోవారి నోరు మూయించడం విశ్వాసం కాదని ఆ చరిత్ర మాకు నేర్పింది. ఉత్తరం రాసి ఒక ఏడాది గడువు అడిగాం. ఆ ఏడాదిలో ఉగాండా మాట ఇంట్లో ఎత్తకూడదని ఒట్టు లాంటి నిర్ణయం చేసుకున్నాం. ప్రార్థన మాత్రం మానలేదు.

అమ్మగారి మనసు మారింది ఏ దర్శనంతోనూ కాదు. అక్కడి కాపరి ఒకరి భార్య తన ప్రార్థన మనవి ఫోనులో పంపింది. తుపాకుల మధ్య పిల్లలను ఎత్తుకుని పారిపోయి వచ్చిందట. నడవలేని తల్లి వెనక ఉండిపోయిందట. ఆ తల్లి బ్రతికి ఉందో లేదో ఇప్పటికీ తెలియదు, ప్రార్థన చేయండి అని అడిగింది. ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన అయ్యాక అమ్మగారు అన్నారు: “ఆమె వాళ్ళమ్మకు చెప్పి రాలేదు. ముద్దు పెట్టి రాలేదు. మనకు చెప్పి వెళ్ళే భాగ్యం ఉంది. చెప్పి వెళ్దాం.” ఆ మాటతో మా ఇంట్లో పిలుపు ఇద్దరిదీ అయింది.

అయితే “చెప్పి వెళ్దాం” అన్నచోటే అసలు కష్టం మొదలైంది. అమ్మ ప్రశ్న ఇంకా వరండాలోనే ఉంది.

నిజం చెబుతాం. కొన్ని రాత్రులు ఆ అనుమతి కాగితం రాకపోతే బాగుండుననుకున్నాం. “దేవుడు తలుపు మూశాడు” అని సంఘంలో చెప్పి, గౌరవంగా ఇక్కడే ఉండిపోవచ్చు గదా అని. ఇలాంటి ఆలోచనలు సేవకులకు రావని మీరు అనుకుంటే, మా కోసం ఇంకాస్త ఎక్కువ ప్రార్థన చేయండి.

ఒక రాత్రి లాంతరు దగ్గర కాదు గాని, కరెంటు పోయి ఫోను వెలుగులో, రెండు వాక్యభాగాలు పక్కపక్కన పెట్టి చదివాం. మొదటిది లూకా 9వ అధ్యాయం 59 నుంచి 62 వరకు. ముందు వెళ్ళి నా తండ్రిని సమాధి చేసి వస్తానన్నవాడికి ప్రభువు ఇచ్చిన జవాబు మీకు తెలుసు. చదివితే గుండె ఝల్లుమంటుంది. రెండవది మార్కు 7వ అధ్యాయం 9 నుంచి 13 వరకు. అక్కడ అదే ప్రభువు పరిసయ్యులను గద్దిస్తున్నాడు. తల్లిదండ్రులకు చేయవలసిన సహాయాన్ని “కొర్బాను”, అంటే ఇది దేవునికి అర్పితం అని చెప్పి ఎగ్గొడుతున్నారు, దేవుని ఆజ్ఞను కొట్టివేస్తున్నారు అని. మొదటి భాగం పట్టుకుంటే ఇప్పుడే బయలుదేరాలి. రెండవది పట్టుకుంటే ఇంటి గడప దాటకూడదు. ఒకే నోటి నుంచి వచ్చిన రెండు మాటలు. ఏది మాకు?

జవాబు సిలువ దగ్గర దొరికింది. యోహాను 19:26, 27. ఆ పూట ప్రభువు లోకమంతటి పాపాన్ని మోస్తున్నాడు. అంతకంటే పెద్ద పరిచర్య ఏముంది? అయినా కింద నిలబడిన తల్లిని చూశాడు. “దేవుడే చూసుకుంటాడులే” అని వదిలేయలేదు. ఆమెను శిష్యునికి చూపించాడు, శిష్యుణ్ణి ఆమెకు చూపించాడు. ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. ఆయన తండ్రి పనిని ఆపలేదు, తల్లిని వదిలేయలేదు. అప్పగించాడు. ఫలానా మనిషికి, ఫలానా ఇంట్లో.

వదిలిపెట్టడం వేరు, అప్పగించడం వేరు. వదిలిపెట్టి వెళ్ళేవాడు విశ్వాసం పేరు చెప్పి చేతులు దులుపుకుంటాడు. అప్పగించేవాడు చేతిలో చేయి పెట్టి వెళతాడు. ఈ సిద్ధపాటులో మేము నేర్చుకున్నది ఇదొక్కటే.

మనకంటే ముందు ఈ దారిన నడిచినవారు మన తెలుగు సంఘంలోనే ఉన్నారు. 1860లో మద్రాసు నుంచి “ట్రూరో” అనే ఓడ కూలీలను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని నటాలుకు వెళ్ళింది. అలా ఓడల మీద ఓడలు వెళ్ళాయి. చెరుకు తోటలకు కూలికి పోయినవారిలో తెలుగువారు ఎంతోమంది. వారిలో మన బాప్తిస్టు విశ్వాసులూ ఉన్నారు. మాకు కాపరి కావాలని వారు కోరారు. 1903లో తెలుగు సంఘాలే తమ స్వదేశ సువార్త సంఘం ద్వారా జాన్ రంగయ్య గారిని నటాలుకు పంపాయి. ఆయన కుటుంబంతో వెళ్ళారు. ఆ ఏడాది డిసెంబరులోనే కేర్స్‌నీ అనే చోట మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. 1915లో కన్నుమూసేవరకు ఆయన ఆ కూలి జనం మధ్యనే సేవ చేశారు. ఆలోచించండి. 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద జూవెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగువారు ముగ్గురు, అంతా కలిపి అయిదుగురు మోకరించి, ఈ ప్రాంతానికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. యాభై ఏళ్ళు తిరగకముందే ఆ తెలుగు సంఘం సముద్రం అవతలికి తానే సేవకుణ్ణి పంపింది.

రంగయ్య గారి గురించి చదివిన ప్రతిసారీ మాకు ఒకటే అనిపిస్తుంది. ఆ ఓడ కదిలిన రోజున ఒడ్డున నిలబడింది ఎవరు? ఇక్కడ మిగిలిపోయిన ముసలివారికి ఎవరు గంజి కాచి పోశారు? చరిత్రలో వారి పేర్లు లేవు. పంపిన సంఘమే వారిని చూసుకుని ఉండాలి. వెళ్ళినవారి పేరు శిలాఫలకం మీద ఉంటుంది, నిలిచినవారి పేరు దేవుని దగ్గర ఉంటుంది.

మన సంఘంలో కువైట్ వెళ్ళి వచ్చిన సహోదరి ఒకామె ఈ మధ్య ఇంటికి వచ్చింది. పేరు రాయొద్దంది. తొమ్మిదేళ్ళు అక్కడ ఒక ఇంట్లో వంటపని చేసింది. అక్కడ శుక్రవారం ఆరాధనలు జరుగుతాయి గాని, ఇంటి పనివాళ్ళలో చాలామందికి ఆ సెలవు దొరకదు. ఆమె పొయ్యి దగ్గరే ప్రార్థన చేసుకునేది. వాళ్ళమ్మ చనిపోయినప్పుడు రాలేకపోయింది. మట్టి చేయడం ఫోనులో చూసింది. “బాత్‌రూములోకి పోయి కుళాయి తిప్పాను అయ్యగారూ. ఆ చప్పుడులో ఏడ్చాను” అంది. మేము తలవంచుకున్నాం. ఆ రోజుల్లో ఆమె తల్లిని మనం ఎన్నిసార్లు పలకరించాం? ఆమె పంపిన కానుక మైకులో చదివాం గాని, మంచం దగ్గరకు ఎన్నిసార్లు వెళ్ళాం? ఆమెను మనం పిల్లల కోసం డబ్బుకు పోయినామె అన్నాం, మమ్మల్ని దేవుని కోసం పోయేవారు అంటున్నాం. వెనక మిగిలిన తల్లి కన్నీళ్ళకు ఆ తేడా తెలియదు.

ఆమె మాకు రెండు ఇచ్చి వెళ్ళింది. ఒకటి పెద్ద నీలంరంగు పెట్టె. “ఇది నాతో రెండుసార్లు కువైట్ పోయి వచ్చింది. చక్రాలు గట్టివి.” రెండోది ఒక సలహా. “రోజూ ఫోన్ చేయండి. బాగున్నావా అని అడగొద్దు. బాగున్నాననే చెబుతారు. ఏం కూర వండారు అని అడగండి. అప్పుడు అన్నీ తెలుస్తాయి.” సెమినరీలో ఈ పాఠం ఎవరూ చెప్పలేదు.

ఆ మర్నాడే అమ్మ దగ్గర కూర్చున్నాం. మంచి మాటలు చెప్పి మభ్యపెట్టకూడదని ముందే అనుకున్నాం. లెక్క చెప్పాం. గులు దగ్గర నుంచి ఎంటెబి విమానాశ్రయానికి రోజంతా ప్రయాణం. అక్కడ నుంచి విమానాలు మారి హైదరాబాదు. అక్కడ నుంచి మన ఊరు. అన్నీ కలిసొస్తే రెండు రోజులు, కలిసిరాకపోతే నాలుగు. “అమ్మా, అందకపోవచ్చు” అన్నాం. అనడానికి చాలాసేపు పట్టింది.

అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రాత్రి అన్నం తినలేదు. షుగరు బిళ్ళ వేసుకోవాలి, కొంచెం తినమ్మా అని అమ్మగారు బతిమాలితే రెండు ముద్దలు మజ్జిగన్నం తిన్నది. మేమూ నిద్రపోలేదు. హన్నా గుర్తుకు వచ్చింది. సమూయేలును మందిరంలో ఇచ్చేసిన తల్లి. మొదటి సమూయేలు 2:19 చూడండి. ఇచ్చేశాక కూడా ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేది. ఈ ఏడు ఎంత పెరిగి ఉంటాడో ఇంటి దగ్గరే మనసులో కొలుచుకుని కుట్టి ఉంటుంది. దేవునికి ఇచ్చిన తల్లికి బెంగ ఉండదని ఎవరన్నారు? మా అమ్మ కడుపులోనే ఇచ్చేసింది నిజమే. ఇచ్చిన మాట నిజం, బెంగ నిజం. రెండింటినీ దేవుడు ఎరుగును.

తెల్లవారి అమ్మే పిలిచింది. “ఒక మాట. నన్ను ఐసు పెట్టెలో పెట్టి నీ కోసం ఆపొద్దని తమ్ముడికి చెప్పు. పొద్దుగూకే లోపల మీ నాన్న పక్కన మట్టి చేసేయమను. నువ్వు ఆడ ప్రార్థన చేసుకో.” కాసేపాగి, “కుదిరితే మాత్రం రా” అంది. ఆ చివరి మాట మేము దాచిపెట్టం. ఆమె పూర్తిగా సమాధానపడిందని ఇక్కడ రాయలేం. రోజుకు కొంచెం సమాధానపడుతోంది. మేమూ అంతే.

ఆ ఆదివారం సాయంత్రం తమ్ముణ్ణి, మరదలిని, ఎదురింటి అక్కను, సంఘ పెద్దలిద్దరిని ఇంటికి పిలిచాం. అమ్మను మధ్యలో కూర్చోబెట్టి యోహాను 19 చదివాం. అమ్మ చేయి తమ్ముడి చేతిలో, ఎదురింటి అక్క చేతిలో పెట్టాం. తరువాత కాగితం మీద రాసుకున్నాం. షుగరు, బీపీ బిళ్ళలు ఎవరు తేవాలి. నెలకోసారి పరీక్షకు ఎవరు తీసుకుపోవాలి. రాత్రి తోడు ఎవరు పడుకోవాలి. ఆదివారం గుడికి ఆటో ఎవరు మాట్లాడాలి. ఇంటి బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి. ఇది పెత్తనాల పంపకంలా కనబడవచ్చు. మాకైతే అది ప్రభువు బల్ల దగ్గర నిలబడినంత భయభక్తులతో జరిగింది. స్త్రీల సమాజం వారు పొయ్యి దగ్గర డబ్బా పెట్టి పిడికెడు బియ్యం తీయడం మళ్ళీ మొదలుపెడతామన్నారు. మా ఖర్చుకు కాదు, ఊళ్ళో పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా మిగిలిన పెద్దవారి కోసం వాడండని అడిగాం. ఒప్పుకున్నారు. కువైట్ సహోదరి తల్లి విషయంలో మనం చేసిన అశ్రద్ధ ఇంకో తల్లికి జరగకూడదు.

ఎలీషా కూడా ఏలీయా వెంట వెళ్ళేముందు తల్లిదండ్రులను ముద్దు పెట్టుకుని వస్తానని అడిగాడు. వెళ్ళి, ఎడ్లను వధించి, జనానికి వండిపెట్టి మరీ బయలుదేరాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం. మాకు ఎడ్లు లేవు గాని, ప్రయాణానికి ముందు ఆదివారం ఆరాధన తరువాత ప్రేమవిందు ఉంటుంది. అందరూ పిల్లాపాపలతో రావాలి.

నిన్న పెట్టె సర్దుతుంటే అమ్మ మంచం మీద నుంచే అడిగింది: “ఆడ గోంగూర దొరుకుద్దా?” నవ్వు వచ్చింది. నిజంగానే దొరుకుతుంది ప్రియులారా. ఉత్తర ఉగాండాలో గోంగూర జాతి పుల్లని ఆకును ఉడికించి, వేరుశెనగ ముద్ద కలిపి వండుకుంటారు. మలక్వాంగ్ అంటారు. ఆ సంగతి చెబితే అమ్మ ముఖం విప్పారింది. “అయితే నీకంటే ముందే పోయి ఉందన్నమాట” అంది. అవునమ్మా. గోంగూర మాత్రమే కాదు, గోంగూరను చేసినవాడు కూడా మాకంటే ముందే అక్కడ ఉన్నాడు. మేము వెళ్ళాక ఇక్కడ నీ మంచం దగ్గర కూడా ఉంటాడు.

మా బాబు నాయనమ్మకు అక్కడి అచోలి భాష నేర్పుతున్నాడు. “అప్వోయో మాటెక్”, అంటే చాలా వందనాలు అని. ఆమెకు నోరు తిరగడం లేదు. రోజుకు ఒకసారి మాత్రం ప్రయత్నిస్తోంది.

మా కోసం ఈ అంశాలు ప్రార్థన చేయండి. అనుమతి కాగితం దేవుని సమయంలో రావాలి. తల్లి ఆచూకీ తెలియని ఆ సహోదరికి ఆదరణ కలగాలి. మేము లేనప్పుడు సంఘాన్ని నడిపించే పెద్దలకు జ్ఞానం కావాలి. చివరిగా, ఈ వారంలో మీరు ఒక పని చేయండి. కొడుకో కూతురో దూరాన ఉన్న పెద్దవారు మీ వీధిలో ఒకరైనా ఉంటారు. ఉద్యోగానికి పోయినా, కూలికి పోయినా, సేవకు పోయినా సరే. వెళ్ళి కాసేపు కూర్చోండి. ఏం కూర వండారని అడగండి.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, వెళ్ళేవారిని పిలిచినవాడవు నీవే, నిలిచేవారిని కాపాడేవాడవు నీవే. మేము మోయలేని వారిని నీ చేతికి అప్పగిస్తున్నాం. నీ పేరు చెప్పి ఎవరినీ వదిలివేయకుండా మమ్మల్ని కాపాడు. మా అమ్మ మట్టికి అందినా అందకపోయినా, పునరుత్థాన దినాన ఆమె లేచేటప్పుడు నీ కృపచేత మేము పక్కనే ఉండేలా దయచేయి. సిలువ మీద నుంచి తల్లిని చూసిన నీ కుమారుడు యేసు క్రీస్తు నామంలో అడిగి వేడుకుంటున్నాం తండ్రీ, ఆమేన్.